పదును

మలంచా అనే మాటకు వంగభాషలో పూలతోట అని అర్థం. రవీంద్రనాథ ఠాకూరు 1934 లో వెలువరించిన ఒక నవలికకు ఈ పేరే పెట్టినారు; ఆ కథ అంతా ఒక తోట చుట్టూ తిరుగుతుంది. ఖరగ్‌పూరు రైల్వే పట్టణంలో ఇదే పేరు గల పేటలో కాపురముండే మాకు ఆ మాట వినగానే పూలతోట తోచదు. బజారు తోస్తుంది, రద్దీగా ఉండే రోడ్డు తోస్తుంది, రాత్రివేళ దూరాన రైలు కూత తోస్తుంది. మాట మిగిలినది గాని, మాట చూపిన వస్తువు కనబడుట లేదు. ఇట్లు పేరు నిలిచి అర్థం జారిపోయిన మాటలు ప్రతి భాషలోను ఉంటాయి. అటువంటి తెలుగు మాట ఒకదాని చరిత్రను ఇక్కడ చెప్పదలచినాను. ఆ మాట 'పదును'.

ముందుగా ఈ నేలను గురించి రెండు ముక్కలు చెప్పవలెను. ఛోటానాగపూరు పీఠభూమి తూర్పుగా వాలి వంగదేశపు పల్లపు నేలలతో కలిసే అంచున ఖరగ్‌పూరు ఉన్నది. ఇక్కడి మన్ను ఎర్రనిది, కంకర కలిసినది. ఎండలో ఇటుకవలె గట్టిపడుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని లాటరైటు అంటారు. ఆ పేరును 1807 లో ఫ్రాన్సిస్ బుకానన్ వాడుకలోకి తెచ్చినాడు. మలబారు ప్రాంతంలో జనులు ఈ మన్నును దిమ్మలుగా కోసి ఇండ్లు కట్టుకొనడం చూచి, ఇటుక అని అర్థమిచ్చే లాటిను మాటనుండి ఆ పేరును కల్పించినాడు. శాస్త్రపు మాట కూడ పనివాని చేతినుండే పుట్టినదన్నమాట. ఈ సంగతిని గుర్తుంచుకొనడం మంచిది.

ఈ ఎర్రనేల మీదికి తెలుగువారు వచ్చినది సేద్యానికి కాదు, రైలు పనికి. 1887 లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడినది. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి ఖరగ్‌పూరు ఆ కంపెనీ మార్గాలకు కూడలి అయినది. కటకం మీదుగా బెజవాడ వరకు పోయే తూర్పు తీరపు మార్గం 1893 మొదలు 1896 లోపల తెరువబడినది. దానిలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902 లో ఈ కంపెనీ చేతికి వచ్చినది. అంతటితో నాగావళి, వంశధారల ఒడ్డున ఉన్న పల్లెకు ఖరగ్‌పూరు కర్మాగారం ఒక రాత్రి ప్రయాణపు దూరమైనది. నాటి గంజాం, విశాఖపట్టణం జిల్లాలనుండి వందలకొలది కుటుంబాలు వచ్చినవి. కమ్మరులు, వడ్రంగులు తమ పనిముట్లతో వచ్చినారు. సొంత నేల లేని కూలీలు వట్టి చేతులతో వచ్చినారు. వర్షం తప్పిన ఏళ్ళలో ఆ జిల్లాలవారికి రంగూను ఒక దిక్కు, ఖరగ్‌పూరు ఇంకొక దిక్కు. 1927 నాటి కర్మాగార కార్మికుల సమ్మె కాలానికి ఇక్కడి తెలుగువారు పట్టణ జనాభాలో గట్టి భాగమైనారు.

వారు తెచ్చుకొన్న మూటలలో మాటలు కూడ ఉన్నవి. కాడి, మేడి, కర్రు, గుంటక, గొర్రు, జడ్డిగం; పల్లం, మెట్ట, గరువు; నారుమడి, ఊడ్పు, కుప్ప, కళ్ళం, తాలు, పరిగె; మృగశిర మొదలు స్వాతి వరకు కార్తెల వరుస. వీటికి ఖరగ్‌పూరులో పని లేదు. పని ఉన్న మాటలు వేరు: షెడ్డు, షాపు, గ్యాంగు, డ్యూటీ, పాయింటు, క్వార్టరు. మొదటి తరం వారు రెండు భాషలు మోసినారు. రెండవ తరానికి సేద్యపు మాటలు సామెతలలోను, సంక్రాంతి ముచ్చటలలోను మిగిలినవి. మూడవ తరానికి వాటిలో పెక్కు వినబడినా అర్థం కావు. దీనికి ఎవరినీ తప్పుపట్టనక్కర లేదు. చేసే పని మారినపుడు మాట మారుతుంది. వింత ఏమంటే, పల్లె విడిచి రానివారి ఇండ్లలో కూడ, పొలం గట్టు మీదనే ఉన్నవారి నోట కూడ, ఆ మాటలే కొంచెం ఆలస్యంగా పోయినవి. ఖరగ్‌పూరులో వలస చేసిన పనిని అక్కడ మరొకటి చేసినది. ఆ మరొకటి ఏమిటో ముందు ముందు చూతము.

హిందీనుండి తెలుగునకు అనువాదం చేయడం నా వృత్తి. కొంతకాలం క్రితం సేద్యాన్ని గురించిన ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఒక వాక్యం దగ్గర తప్పటడుగు వేసినాను. పొలానికి 'ఓట్' వచ్చిన పిమ్మట దున్నవలెనని ఆ వాక్యం. సాహిత్య హిందీలో ఓట్ అంటే చాటు, మరుగు. నేను చదివిన కవిత్వంలోను, కథలలోను ఆ మాటకు అదే అర్థం. కనుక నేను సంకోచం లేకుండా 'పొలానికి చాటు ఏర్పడిన పిమ్మట దున్నవలెను' అని వ్రాసినాను. వ్యాకరణం చక్కగా ఉన్నది. వాక్యం మాత్రం నాకే అర్థం కాలేదు. చెట్ల నీడ కాబోలునని సమాధానపడినాను.

మా పేటలో ఎనభై దాటిన పెద్దమనిషి ఒకరు ఉన్నారు. నాగావళి ఒడ్డున ఒక పల్లెలో పుట్టి, మీసకట్టు వచ్చే ప్రాయంలో ఇక్కడికి వచ్చి, కర్మాగారంలో కమ్మరి పని చేసి విశ్రాంతి పొందినవారు. మాటల నడుమ ఆ వాక్యాన్ని ఆయనకు వినిపించినాను. ఆయన నవ్వి, "చాటేటి బావూ? నేల పదునొచ్చినాక దున్నాల" అన్నారు. పదును అంటే ఏమిటని అడిగినాను. కత్తి పదును తప్ప వేరు పదును నాకు తోచలేదు. ఆయన పెరటిలోని మన్ను పిడికెడు తీసి పిసికి చూపినారు. ముద్ద కట్టి చేతికి అంటుకొంటే ఇంకా పదును రాలేదు. ముద్దే కట్టకుండా రాలిపోతే పదును దాటిపోయినది. ముద్ద కట్టి, క్రింద వేయగానే పొడిపొడిగా విడిపోతే అదే పదును. పిమ్మట ఆయన అన్న మాట నాకు మరపురాదు: "ఇనుం పదునూ అంతే బావూ. రంగు సూసుకోని కనిపెట్టుకోని ఉండాల. ముందైనా పాడే, ఎనకైనా పాడే."

ఆ మాటలో సంగతి ఉన్నది. కాలిన ఉక్కును నీట ముంచి, తిరిగి కొద్దిగా కాకపెట్టి, దాని మీద గడ్డిరంగు తేరి నీలిరంగుకు మారే సందులో కమ్మరి దానిని ఆపుతాడు. తడిసిన నేల ఆరుతూ ఉండగా, బురద పోయి దుమ్ము కాకముందే రైతు నాగలి కట్టుతాడు. రెంటికీ తెలుగు ఒకే మాట పెట్టినది. నలభై ఏళ్ళు ఆ పెద్దమనిషి ఆ మాటను ఇనుముకు వాడినారు. నేల అర్థం లోపల చెక్కుచెదరక ఉన్నది. ఆయన మనుమలకు మాత్రం పదును అంటే పెన్సిలు మొనే.

పదును అనే మాటలో ఏమి ఇమిడి ఉన్నదో విప్పి చూడవలెను. వాన కురిసిన వెంటనే నేలలోని సందులన్నీ నీటితో నిండిపోతాయి, గాలికి చోటుండదు. పెద్ద సందులలోని నీరు క్రిందికి దిగి, సన్నని సందులలో తేమ నిలిచి, గాలి, తడి రెండూ కలిసి ఉండే దశ ఒకటి వస్తుంది. విత్తు మొలవడానికి, వేరు పారడానికి, మంటిలోని సూక్ష్మజీవులు పనిచేయడానికి అనుకూలమైన దశ అది. ఆ దశలో దున్నిన నేల పొడిగా విడుతుంది. అంతకు ముందు దున్నితే మన్ను మెత్తబడి నొక్కుకొనిపోయి, ఎండినపుడు రాయి అవుతుంది. నాగలి పోయిన లోతుకు దిగువన గట్టి పొర ఏర్పడుతుంది. ఆ పొరను నీరు దాటదు, వేరు దాటదు. ఆలస్యంగా దున్నితే రేగడిలో పెళ్ళలు లేస్తాయి, ఎర్రనేలలో దుమ్ము లేస్తుంది. ఎర్రనేలలో పదును త్వరగా దాటిపోతుంది. రేగడిలో నిదానంగా వస్తుంది, నిదానంగా పోతుంది. వాన ఎంత పడినదని అడిగితే పాతకాలపు రైతు జానెడు పదునైనదనో, మూరెడు పదునైనదనో చెప్పేవాడు. ఆకాశంనుండి ఎంత పడినదో ఆయనకు ముఖ్యం కాదు. నేల ఎంత లోతున తాగినదో ముఖ్యం. అట్లే 'అదను' అనేది కాలానికి సంబంధించిన మాట, 'పదును' నేలకు సంబంధించిన మాట. సేద్యమంటే ఆ రెంటినీ కలపడమే.

కనుక పదును అనేది ఒక వస్తువు పేరు కాదు, ఒక నిర్ణయం పేరు. ఇటువంటి మాట తెలుగునకు మాత్రమే ఉన్నదనుకొనరాదు. ఉత్తర ప్రదేశపు రైతు ఓట్ అంటాడు. పంజాబు రైతు వత్తర్ అంటాడు. మహారాష్ట్ర రైతు వాఫ్‌సా అంటాడు. మలంచాకు నాలుగు మైళ్ళ దూరాన పొలం దున్నే బెంగాలీ రైతు 'జో' అంటాడు. వంగభాషలో ఆ చిన్న మాటకు అవకాశం, వీలు అనే అర్థం కూడ ఉన్నది. అంటే మన అదనును, పదునును ఆ భాష ఒక్క అక్షరంలో కలిపి చెప్పినది. ఒకరి భాష ఒకరికి తెలియని రైతులు ఒకే దశను వేరువేరుగా గుర్తించి వేరువేరు పేర్లు పెట్టినారంటే, ఆ దశ నేల స్వభావంలోనే ఉన్నదనడానికి వేరే సాక్ష్యం అక్కర లేదు.

ఈ మాటలను గ్రంథస్థం చేసే ప్రయత్నాలకు కూడ చరిత్ర ఉన్నది. 1852 లో చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నిఘంటువు అచ్చయినది. 1855 లో హోరేస్ హేమన్ విల్సను న్యాయ, రెవిన్యూ పదాల కోశం వెలువడినది. దానిలో సంస్కృతం, పారశీకం, హిందుస్తానీ, బెంగాలీ, మరాఠీ, తమిళ పదాలతో పాటు తెలుగు పదాలు కూడ ఉన్నవి. ఆ కోశం ఎవరికొరకో దాని పేరే చెపుతుంది. పొలం కొలిచి, శిస్తు కట్టి, తగవు తీర్చే అధికారి కొరకు ఆ పదాలు చేరినవి. శిస్తుకు పనికివచ్చే మాటకు చోటు దొరికినది. శిస్తుకు పనికిరాని మాటను అడిగినవారు తక్కువ. 1885 లో జార్జి గ్రియర్సను బీహారు రైతుల జీవితాన్ని గురించి వ్రాసిన గ్రంథం ఆ గీతను దాటినది. నాగలి భాగాలు, బండి భాగాలు, నీరు తోడే సాధనాలు, పంటలకు వచ్చే తెగుళ్ళు, ఇంటి సామాను, పెండ్లి తంతు — ఒక్కొక్కదానికి జిల్లా జిల్లాకు మారే పేర్లను బొమ్మలతో సహా కూర్చినాడు. హిందీ ప్రాంతంలో తరువాత రామనరేశ్ త్రిపాఠీ ఘాఘ్, భడ్డరీల పేర రైతుల నోట నిలిచిన వాన సామెతలను సేకరించినారు. అంబాప్రసాద్ సుమన్ బ్రజభాషా రైతుల పదజాలాన్ని సంపుటాలుగా కూర్చినారు.

తెలుగులో ఈ పని శాస్త్రీయంగా జరిగినది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పూనికతో. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962 లో వెలువడినది; అది పూర్తిగా వ్యవసాయ పదాలకే కేటాయింపబడినది. శిస్తు వసూలు కొరకు కాక, మాట కొరకే మాటను వెదకుతూ పరిశోధకులు పల్లెలకు పోయినారు. ఒక చోట నాగలి అన్నదానిని మరొక చోట మడక అంటారనీ, ఒక సీమలో వాడుక ఉన్న మాట పొరుగు సీమకు తెలియదనీ ఆ సంపుటం చూపినది. తూర్పు, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా తెలుగు మాండలికాలను విభజించడానికి ఆ రైతుల మాటలే ఆధారమైనవి. భారతీయ భాషలలో ఇటువంటి కృషికి అది మార్గదర్శకమైనది.

1962 అనే సంవత్సరాన్ని గమనించవలెను. నాలుగేళ్ళు గడవగానే, 1966 లో ఫిలిప్పీను దేశంలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్. 8 అనే పొట్టి వరిని విడుదల చేసినది. 1967 లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు దానిని పండించి చూపినారు. ఆయన పేరు ఆ విత్తనంతోపాటు దేశమంతా తెలిసినది. తెలుగు రైతుల మాటలను పట్టుకొన్న ఛాయాచిత్రం ఒకటి ఉన్నదంటే, అది సరిగా తుఫానుకు ముందరి సాయంకాలం తీసినది. సంపాదకులకు ఆ సంగతి తెలిసి ఉండదు.

ఆ తుఫానును నిందించడం నా ఉద్దేశం కాదు. 1960 దశకం నడుమ ఈ దేశం ఓడల మీద వచ్చే గోధుమల కొరకు ఎదురుచూచినది. ఆకలి తీర్చిన విత్తనాన్ని దూషించడం కడుపు నిండినవానికే చెల్లుతుంది. ఐనను, ఆ విత్తనంతో వచ్చిన సేద్యం ఒక కొత్త విధానాన్ని తెచ్చినది. పాత సేద్యంలో నేలనుబట్టి విత్తనం. కొత్త సేద్యంలో విత్తనాన్ని బట్టి నేలను సిద్ధపరచడం. నీరు కాలువనుండి గాని బోరునుండి గాని వస్తుంది, సత్తువ సంచిలోనుండి వస్తుంది, తెగులుకు మందు అంగడిలో దొరుకుతుంది. నేల గుణాన్ని ఎంచి చెప్పే మాటలతో ఈ విధానానికి అవసరం తగ్గినది. ట్రాక్టరు వచ్చిన పిమ్మట పదును ఎప్పుడు వచ్చినదని అడగడం కష్టమైనది. ట్రాక్టరు కిరాయికి దొరికిన దినమే పదును. పల్లెలో వలస లేకుండానే మాటలు పోవడానికి కారణం ఇదే. ఖరగ్‌పూరు వచ్చినవాడు నేలను విడిచినాడు. ఊరిలో ఉన్నవానికి నేలను కనిపెట్టుకొని ఉండే పని తప్పిపోయినది.

విత్తనాల పేర్లలో ఈ మార్పు తేటగా కనబడుతుంది. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, రత్నచూడి, మొలగొలుకులు, బుడమలు — ఇవి ఒకనాటి వడ్ల పేర్లు. కృష్ణకాటుకలు అనగానే నల్లదనం తోస్తుంది. బుడమలు అనగానే ఉత్తరాంధ్ర రైతుకు నీరు నిలువని చెక్క, త్వరగా కోతకు వచ్చే పైరు తోచేవి. వాటి స్థానంలో వచ్చినవి అంకెలు: ఎం.టి.యు. 7029, బి.పి.టి. 5204, ఎం.టి.యు. 1010. మొదటిది 1982 లోను, రెండవది 1986 లోను విడుదలైనవి. అంకెలు పరిశోధనా క్షేత్రపు చిట్టాలోనివి. అవి గింజను గుర్తిస్తాయి గాని నేలను గురించి ఏమీ చెప్పవు. 1970 దశకంలో రాయ్‌పూరులో రిచ్ఛారియా అనే శాస్త్రజ్ఞుడు సుమారు 19,000 వరి నమూనాలు సేకరించినారు. బెంగాలులో పని మొదలుపెట్టి, తరువాత ఒడిశాలోని రాయగడ జిల్లాకు పోయి, దేబల్ దేబ్ వేయికి మించిన దేశవాళీ వరులను ఏటేటా నాటి కాపాడుతున్నారు. గింజను గాజుసీసాలో దాచితే పేరు చీటీ మీద ఉంటుంది. పొలంలో నాటితేనే పేరు నోట ఉంటుంది. ఆయన పట్టుదలకు కారణం అదే.

ఇందులో ఒక ఊరట కూడ ఉన్నది. ఎం.టి.యు. 7029 పుట్టినది పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధనా క్షేత్రంలో. దానికి 'స్వర్ణ' అని పేరు. అది తెలుగు సీమ దాటి ఒడిశాకు, బెంగాలుకు వ్యాపించినది. మెదినీపూరు పల్లెలలో నేడు పరిచితమైన వరి. తెలుగు మనిషి రైలెక్కి వచ్చిన ఎనభై ఏళ్ళకు తెలుగు విత్తనం కూడ అదే త్రోవన వచ్చినది. ఇక్కడి రైతులు దానిని అంకెతో పిలువరు, స్వర్ణ అనే పిలుస్తారు. అంకెను పేరు చేసుకొనే శక్తి రైతు నాలుకకు ఇంకా పోలేదు.

మాటకు, నేల మన్నికకు సంబంధం ఎట్టిదో చూపడానికి ఈ ప్రాంతంలోనే మంచి నిదర్శనం ఉన్నది. మెదినీపూరు పడమటి అంచునను, బాంకుడా, పురులియాలలోను రైతు తన నేలను నాలుగు మెట్లుగా చెపుతాడు. ఎత్తున ఉన్న చెలకను టాండ్ అంటాడు; దానికి దిగువన బాయిద్, ఇంకా దిగువన కానాలీ, అన్నిటికంటె పల్లాన బహాల్. నీరు ఏ మెట్టున ఎన్ని దినాలు నిలుస్తుందో ఈ నాలుగు మాటలు చెపుతాయి. బాయిద్‌లో త్వరగా కోతకు వచ్చే వరి, బహాల్‌లో ఆలస్యపు వరి. తారుమారు చేస్తే ఒకటి ఎండుతుంది, రెండవది మునుగుతుంది. శ్రీకాకుళపు రైతు గరువు, మెట్ట, పల్లం అన్నపుడు ఇటువంటి ఎంపికనే చేసినాడు. ఇటువంటి మాటల వరుస ఒక సేద్య ప్రణాళిక. దానిని 'వ్యవసాయ భూమి' అనే ఒక్క మాటతో పూడ్చినపుడు నాలుగు మెట్లకూ ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే తేదీ సిఫారసు చేయడం సులువవుతుంది. నీరు చాలకపోతే బోరు వేయవలసి వస్తుంది. నీరు నిలిచితే కాలువ త్రవ్వవలసి వస్తుంది. మాట చేసే పనిని పిమ్మట ఖర్చు చేస్తుంది.

ఇప్పుడు ఒక విచిత్రం. నేల క్షీణత, మందుల ఖర్చు చూచి విసిగిన ఆంధ్రప్రదేశంలో 2016 మొదలు రైతు సాధికార సంస్థ పూనికతో ప్రకృతి వ్యవసాయం పెద్దయెత్తున సాగుతున్నది. మహారాష్ట్రకు చెందిన సుభాష్ పాలేకర్ బోధించిన నాలుగు సూత్రాలు దానికి పునాది: బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస. ఈ నాలుగవ మాటను శిక్షణ తరగతులలో తెలుగు రైతుకు కొత్త పాఠంగా చెప్పుతున్నారు: నేలలో నీరు నిండుగా కాక, గాలి, తేమ కలిసి ఉండే స్థితి అని వివరిస్తున్నారు. ఆ మరాఠీ మాట మరేదో కాదు, పదునే. తన తాత నోటనున్న మాట పొరుగింటికి పోయి, పాఠం అయి తిరిగి వచ్చినపుడు మనుమడు దానిని గుర్తుపట్టలేదు. పరభాషా పదం మీద నాకు ద్వేషం లేదు. అనువాదకుని బ్రతుకు అరువు మాటల మీదనే నడుస్తుంది. కాని వాఫస అంటే ఏమిటని అడిగే రైతుకు 'పదును' అన్న ఒక్క మాట చెపితే చాలు, అర్ధగంట ఉపన్యాసం మిగులుతుంది. అంతకంటె ముఖ్యం, తనకు తెలియనిది ఎవరో నేర్పుతున్నారని కాక, తనవారికి తెలిసినదే మళ్ళీ వింటున్నానని అతనికి తోస్తుంది.

ఈ మాటలన్నిటినీ నెత్తిన పెట్టుకొమ్మని చెప్పుట లేదు. వెట్టి అనేది కూడ పాత సేద్యపు మాటే. పాలేరు, జీతగాడు అనే మాటలలో తరతరాల అప్పు, అవమానం ఉన్నవి. కళ్ళం నూర్చిన తరువాత ఎవరికి ఎన్ని మానికలు, ఎవరు దోసిలి పట్టవలెను, ఎవరు దూరాన నిలువవలెను అని నిర్ణయించే మాటలు ఉన్నవి. ఖరగ్‌పూరు రైలెక్కినవారిలో ఎందరో ఆ మాటలనుండి తప్పించుకొనడానికే ఎక్కినారు. 'డ్యూటీ' అనే మాటకు గంటల లెక్క ఉన్నది, నెల జీతం ఉన్నది. పాలేరు పనికి లెక్క లేదు. మా పేట పెద్దమనిషిని ఊరు విడిచినందుకు విచారమున్నదా అని అడిగితే, "ఏటికి బావూ?" అన్నారు. ఆ జవాబును గౌరవించవలెను. పోయిన మాటలలో పోవలసినవి ఉన్నవి. ఐతే పదును, గరువు వంటివి యజమాని మాటలు కావు. దున్నిన చేతుల మాటలు. పొలం ఎవరి పేరున ఉన్నా, మన్ను పిడికిట పట్టి చూచినవాడు కూలివాడే. కోత యంత్రం పోయిన పొలంలో పరిగె ఏరుకొనే పేదరాలికి గింజ మిగలదు. ఆమె మాట కూడ ఆమెతోనే పోతుంది. వెట్టి పోయినందుకు సంతోషిస్తూనే పదును పోయినందుకు చింతించవచ్చును. ఆ రెంటిలో వైరుధ్యం లేదు.

ఖరగ్‌పూరులో రైలు పట్టాలకు ఇంకొక వైపున హిజ్లీ ఉన్నది. ఆంగ్లేయుల నాటి నిర్బంధ శిబిరపు భవనంలో 1951 లో భారత సాంకేతిక విద్యా సంస్థ ఆరంభమైనది. 1952 లో అక్కడ వ్యవసాయ ఇంజనీరింగు శాఖ ఏర్పడినది. ఆ ఆవరణలో నేల తేమను శాతాలలో కొలుస్తారు, మన్ను నొక్కుకొనడాన్ని యంత్రాలతో పరీక్షిస్తారు. అది అవసరమైన విద్య. పదును ఎందుకు పదునో అది చెప్పగలదు. పదును ఏ దినం వచ్చినదో ఆ పొలంలోనివాడే చెప్పగలడు. మొదటిదానికి పుస్తకాలు ఉన్నవి, పట్టాలు ఉన్నవి. రెండవదానికి ఉన్నది ఒక మాట మాత్రమే. ఆల్బర్ట్ హోవర్డు అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1905 లో పూసాకు వచ్చి, భారతీయ రైతునే గురువుగా భావించి నేర్చుకొన్నాడు. 1940 లో అచ్చయిన ఆయన గ్రంథం ప్రపంచంలో సేంద్రియ సేద్యానికి మూలగ్రంథాలలో ఒకటి. గురువు దగ్గర నేర్వదలచినవానికి గురువు భాష రావలెను.

కనుక చేయవలసిన పని పెద్దదేమీ కాదు. 1962 నాటి సంపుటం గ్రంథాలయపు బీరువాలో ఉండక వ్యవసాయ విద్యార్థి బల్ల మీద ఉండవలెను. రైతులకు సలహాలు వ్రాసేవారు 'నేలలో తగినంత తేమ ఉన్న సమయంలో' అని వ్రాసే చోట 'పదునున్నపుడు' అని వ్రాయవచ్చును. మాటలు తగ్గుతాయి, అర్థం పెరుగుతుంది. పొరుగు భాషనుండి సేద్యపు రచనలు తెచ్చే అనువాదకుడు నిఘంటువును తెరచే ముందు ఆ పని చేసినవారిని ఒకరిని అడుగవలెను. నేను అడుగకుండా ఉన్నట్లయితే నా తప్పు అచ్చులోకి పోయి ఉండేది.

ఆ వ్యాసాన్ని పంపే ముందు ఆ వాక్యాన్ని కొట్టివేసి తిరిగి వ్రాసి, పెద్దమనిషికి చదివి వినిపించినాను. ఆయన పెరటిలో నాలుగు వంగ మొక్కల పాదులు తడుపుతూ విన్నారు. "పొలం పదునుకు వచ్చిన పిమ్మట దున్నవలెను." ఆయన తల ఊపి, మరల పాదుల వైపు తిరిగినారు.